నవారు మీద చీనీ కాయలు

శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ప్రొద్దుటూరులో మా వర్క్‌షాపు ముందు ఉన్నవాళ్లు: యజమాని మస్తాన్ మామ, వెల్డరు ఓబులేసు, ట్రాలీ ఆటో నడిపే బాషా, నేను. ఉన్న వస్తువులు: మూడు మీటర్ల ఇనుప చట్రం ఒకటి, అర హార్స్‌పవర్ మోటారు ఒకటి, చెక్క పుల్లీలు పన్నెండు, స్పానర్ల పెట్టె, వెర్నియర్ కాలిపర్, రెండు క్రేట్లలో నలభై కిలోల చీనీ కాయలు. లేనిది మంచాలకు అల్లే నవారు. దాని కోసమే ముందు జమ్మలమడుగు పోతున్నాం. అది బిగించాక పులివెందుల పోవాలి. అక్కడ సోమవారం ఉదయం ఏడింటికి మా యంత్రానికి పరీక్ష.

చీనీ కాయలంటే కోస్తావాళ్లు బత్తాయిలనేవే. పులివెందుల చుట్టుపక్కల తోటల్లో కోసిన కాయల్ని చిన్నవి, నడిమివి, పెద్దవి అని ఆడవాళ్లు నేల మీద కూర్చుని చేత్తో ఏరుతారు. ఆ పని చేసే యంత్రం ఒకటి మేం చేశాం. నెల కిందట ఒకసారి తీసుకుపోయాం కూడా. అప్పుడు దానికి ఇనుప పైపులు ఉండేవి. కాయలు పైపుల మధ్య దొర్లుతూ పోయి, సందు తమకు సరిపోయిన చోట కింద పడతాయి. ఏరడం బ్రహ్మాండంగా ఏరింది. మూడో రోజు తీసి చూస్తే నాలుగు వందల కాయల్లో అరవై ఒకటికి తొక్క మీద నల్లమచ్చలు. పైపు నొక్కిన చోట తొక్కలోని నూనె చిట్లి మచ్చ కట్టింది. తోట యజమాని నారాయణప్ప ఒక్క మాటే అన్నాడు: “కాయలేరేదానికి మిషను అడిగితే, కాయలు కొట్టేదాన్ని తెచ్చినారు గదప్పా.”

ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఆ అవకాశం మీద యంత్రం కంటే పెద్ద విషయం ఆధారపడి ఉంది. అది చెప్పాలంటే మా వర్క్‌షాపు శుక్రవారం సంగతి చెప్పాలి.

మేం చేసేది గేట్లు, కిటికీలు, గ్రిల్సు. మస్తాన్ మామ శుక్రవారం నమాజు చేసి, అన్నం తిని వచ్చాక, మూడింటి నుంచి ఐదింటి దాకా ఆర్డరు పని ఆపేస్తాడు. ఆ రెండు గంటలు ఎవరైనా తుక్కు ఇనుములోంచి ఏదైనా చేసుకోవచ్చు. మధ్యలో ‘ఏం చేస్తాండావు?’ అని అడగకూడదు. ఐదింటికి మాత్రం అందరికీ చూపించాలి. పనిచేయనిదాన్ని వెనక గోడకు తగిలించి, చేసినవాడి పేరు, అది ఎందుకు చెడిందో ఒక్క వాక్యం సుద్దముక్కతో రాస్తారు. చెడిందని ఎవరూ తిట్టరు. అదే తప్పు రెండోసారి చేస్తే మాత్రం టీ ఖర్చు వాడిదే.

మామ కువైట్‌లో పదకొండేళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. “పదకొండేండ్లలో ఒక్కడన్నా ‘మస్తాన్, నీకేం తోచిందిరా’ అని అడగల్యా. చెయ్యి కావల్ల ఆళ్లకి, తలకాయ అక్కర్లా,” అంటాడు. ఊరికి వచ్చి షాపు పెట్టిన మొదటి వారం నుంచే శుక్రవారం పద్ధతి పెట్టాడు.

మూడేళ్లలో ఆ గంటల్లోంచి పనికొచ్చినవి రెండు: గ్రీజు పెట్టకపోయినా అరవని గేటు బందు, చెనిక్కాయ (వేరుశనగ) కట్టె మోసే ఒంటి చక్రం బండి. గోడెక్కినవి ఇరవై మూడు. అందులో తొమ్మిది నావి. ఈ మధ్య గేట్ల ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. పైపుల యంత్రం పులివెందుల నుంచి తిరిగొచ్చిన రోజు మామ గోడ ముందు చాలాసేపు నిలబడి, “ఇదొక్కటి సూస్తా. ఇదీ గోడెక్కితే శుక్రవారం బందు. గేట్లు చేసుకుందాం,” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అందరికీ భయమేసింది.

మరుసటి శుక్రవారం ఓబులేసు షాపు ముందున్న నవారు మంచం మీద పడుకుని టీ తాగుతూ, “ఇంజనీరూ, పైపులు తీసేసి ఈ నవారు ఎయ్యరాదా? దీని మింద మనిషి పండుకుంటేనే నొప్పి పుట్టదు, కాయకేం పుడతాది?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వుతూనే నోట్‌బుక్కు తీశాను. ఐదింటికల్లా బొమ్మ గీశాను. ఆరు నవారు పట్టీలు పక్కపక్కన పుల్లీల మీద తిరుగుతాయి. ఒక చివర వాటి మధ్య సందు యాభై ఐదు మిల్లీమీటర్లు, రెండో చివర ఎనభై ఐదు. కాయలు పట్టీల మీద కూర్చుని ప్రయాణం చేసి, ఎవరి స్టేజీ దగ్గర వాళ్లు దిగినట్టు దిగిపోతాయి.

ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన ఒక్కరికే చోటుంది. ఓబులేసు ఎక్కాడు. నేను బస్సు. మామ షాపులోనే ఉండిపోయాడు.

ప్రొద్దుటూరు బస్టాండు బయట బొరుగులతో చేసే ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను, నలభై రూపాయలు. ఉదయం ఎనిమిది లోపల పోతేనే ఉగ్గాని వేడిగా దొరుకుతుంది. బంగారు అంగళ్లు అప్పటికి తెరవరు, కాబట్టి వీధులు ఖాళీగా ఉండి బస్సు తొందరగా ఊరు దాటుతుంది. ఏడు నలభై ఐదుకు పల్లెవెలుగు ఎక్కాను. టిక్కెట్టు ముప్పై ఐదు. ఎనిమిది నలభైకి జమ్మలమడుగులో దిగాను.

హుసేనమ్మ ఇల్లు బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. దూదేకుల కుటుంబం. పరుపులు కుట్టడం వాళ్లాయన పని, నవారు నేయడం ఆమె పని. అరవై దాటిన మనిషి. మా చట్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగింది.

“దీని మింద ఎవరు పండుకుంటారు నాయనా? కాళ్లు ఇంత పొడుగుండాయే!”

“చీనీ కాయలవ్వా,” అన్నాడు ఓబులేసు.

“కాయల తలకాయ దిక్కు యాడ, కాళ్ల దిక్కు యాడ?”

ఆ నవ్వుల్లోనే పని మొదలైంది. మేం చెప్పిన వెడల్పుకు ఆరు పట్టీలు ముందే నేసి పెట్టింది. అతుకుల్ని సూదితో ఎంత సన్నగా కుట్టిందంటే పుల్లీ మీద తిరిగేటప్పుడు ఎక్కడ అతుకుందో వేలికి తగల్లేదు. పదకొండు నలభైకి పట్టీలు ఎక్కించి, బిగింపు మరలు తిప్పాను. ఎంత బిగించాలో ముందే లెక్క వేసుకుని వచ్చాను. చిన్న కాయలు పడే భాగం ముగిసే చోట సందు కొలిస్తే సరిగ్గా అరవై రెండు మిల్లీమీటర్లు. మోటారు వేశాం. కాయలు పోశాం. మొదటి పది నిమిషాలు చిన్నవి చిన్నవాటిలో, పెద్దవి పెద్దవాటిలో పడ్డాయి. ఓబులేసు ఈల వేశాడు.

పన్నెండింటికి నడిమి కాయలు చిన్నవాటి క్రేటులో పడడం మొదలైంది. ఆపి కొలిచాను. అరవై రెండు కాస్తా అరవై తొమ్మిదైంది. నవారు సాగింది. మళ్లీ బిగించాను. ఇరవై నిమిషాలకు మళ్లీ సాగింది. ఇంకా బిగించబోతే హుసేనమ్మ నా చేతిలో స్పానరు పట్టుకుంది.

“ఇంగ బిగిస్తే తెగుతాది. ఇంతకీ పిల్లోళ్లను ఎగిరించినారా దీని మింద?”

నాకు అర్థం కాలేదు.

“కొత్త నవారు మంచం అల్లితే ముందు పెద్దోళ్లు పండుకోరు నాయనా. పిల్లోళ్లకిచ్చేస్తాం, ఎగరండ్రా అని. ఒక దినమంతా ఎగురుతారు. నూలు ఎంత సాగాలో అంతా సాగిపోతాది. అప్పుడు విప్పి బిగిస్తాం. ఇంగ పదేండ్లు కదలదు. నువ్వేమో పెండ్లికూతుర్ని దిగంగానే చేనికి తోల్తాండావు.”

“లెక్క ప్రకారం ఇంత బరువుకు ఇంతే సాగాలవ్వా...” అన్నాను.

“నూలుకు నీ లెక్క తెలీదు గదప్పా.”

నాలుగేళ్లు ఇంజనీరింగు చదివాను. వాడకముందే సాగదీయాలనే సంగతి నా నోట్‌బుక్కులో ఒక్క గీతగా కూడా లేదు. ఇనుప తాడు లెక్కను నూలుకు వేశాను. మంచం నేసేవాళ్లెవరూ చేయని తప్పు, మంచం మీద పడుకునే ఇంజనీరు మాత్రమే చేసే తప్పు.

పిల్లలంతా ఆ రోజు బడిలో ఉన్నారు. పైగా తిరిగే పుల్లీల మీద పిల్లల్ని ఎగరనివ్వడం నాకిష్టం లేదు. మోటారు తీగ పీకేసి, పుల్లీలకు చెక్కలు అడ్డం కొట్టాం. హుసేనమ్మ వీధిలోకి పోయి కేకేసింది: “మేయ్, రాండి! అన్నాలు తిన్నాక ఊరికే గోడలకానుకొని కుచ్చోకపోతే, ఈడికొచ్చి కుచ్చోండి!”

వచ్చారు. రెండింటి నుంచి ఆరింటి దాకా వీధిలోని ఆడవాళ్లు నలుగురేసి చొప్పున మా యంత్రం మీద కూర్చున్నారు. చేటలు తెచ్చుకుని బియ్యంలో రాళ్లు ఏరుకున్నారు. పూలు కట్టుకున్నారు. ఎవరింట్లో ఎవరు కువైట్ నుంచి ఏం పంపారో, ఏ కోడలు ఎంత మంచిదో, అన్నీ యంత్రం మీదే తేలిపోయాయి. అరగంటకొకసారి నేను వాళ్లను లేపి, సందు కొలిచి, మర తిప్పి, మళ్లీ కూర్చోబెట్టాను.

“ఏందప్పా మాటిమాటికీ లేపుతాండావు? మమ్మల్ని తూకమేస్తాండావా?” అందొక ఆమె.

“ఆ లావాటామె కుచ్చున్నప్పుడే మిషను బాగా నేర్చుకుంటాండాది, ఆమెను లేపొద్దు,” అన్నాడు ఓబులేసు. ఆమె చేతిలోని చేట అతని వీపు మీద పడింది.

కొలతలు ఇలా వచ్చాయి. రెండున్నరకు సాగింది ఏడు మిల్లీమీటర్లు, మూడున్నరకు నాలుగు, ఐదింటికి రెండు, ఆరింటికి ఒకటి. రాత్రంతా రెండు బియ్యం బస్తాలు పెట్టాం. నేను బస్టాండు ఎదుట లాడ్జిలో పడుకున్నాను. గది ఐదు వందలు, ఫ్యాను బాగుంది, నీళ్లు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే వస్తాయి. ఓబులేసు వాళ్లు తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్లు. మంద పక్కన పడుకున్నట్టే యంత్రం పక్కన పడుకున్నాడు.

ఆదివారం ఉదయం చివరిసారి బిగించి, కాయలు పోసి, రెండు గంటలు ఆపకుండా తిప్పాం. ముందు అరవై రెండు. తర్వాత అరవై రెండు. మూడుసార్లు కొలిచాను. హుసేనమ్మ నా ముఖం చూసి, “కాలిపరు అరిగిపోతాది, చాల్లే,” అంది.

తెగితే మార్చుకోవడానికి ఇంకో నవారు చుట్ట ఇచ్చింది. ట్రాలీ ఆటో ముందు పోయింది. నేను ఒకటిన్నరకు ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సు ఎక్కాను. ఈ దారిలో పోయేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, మధ్యాహ్నం ఎండ కుడివైపు పడుతుంది. బస్సు పెన్న వంతెన దాటగానే పక్క సీటాయన నా ఒళ్లోని చుట్ట చూశాడు. ఆయన కాళ్ల దగ్గర గోనెసంచిలో మేకపిల్ల ఉంది, తల మాత్రం బయట.

“మంచాలల్లేదానికి పోతాండావా అప్పా?”

“లేదు మామా. కాయలేరే మిషనుకు.”

“నవారుతో మిషనా? నువ్వు చదువుకున్నోని మాదిరి ఉండావే!” అన్నాడు. మేకపిల్ల అప్పటికే చుట్ట కొసను నములుతోంది. ముద్దనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. తొండూరు దాటాక రెండు పక్కలా అరటి, చీనీ తోటలు, మధ్యలో ఎర్రటి బీడు. మూడు యాభైకి పులివెందుల. రాత్రి రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి. అరవై రూపాయలకు రెండో ముద్ద అడగకుండానే వేశారు.

సోమవారం ఆరున్నరకు నారాయణప్ప తోట షెడ్డు దగ్గరికి చేరాం. ఆయనతో పాటు ఇంకో ఆరుగురు తోటల రైతులు వచ్చారు. కాయలేరే ఆడవాళ్లు ఎనిమిది మంది. వాళ్ల మేస్త్రీ రామలక్షుమ్మ యంత్రం కంటే ముందు నన్ను పరిశీలించింది.

“ఇదొస్తే మేము ఇంటికి పోవల్లనా?” సూటిగా అడిగింది.

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. “పరిమాణం ఇది చూస్తుందక్కా. తోలు మందమా, పల్చనా, పుచ్చా, మంచిదా అనేది దీనికి తెలీదు. దానికి మనుషులు కావాలి. ఎంతమంది అనేది నేను చెప్పలేను.”

ఆమె ఒక కాయ తీసి చేతిలో ఎగరేసి పట్టుకుంది. “ఇది తోలుకాయ, రసముండదు. నీ మిషను దీన్ని ఫస్టు రకంలో ఏస్తాది. మేము పక్కన నిలబడి తీసెయ్యల్ల. అట్లయితే ఇంత కిందికి పెట్టినావేంది? వంగి వంగి నడుములు పోవా? పైకి లేపు దీన్ని, నా నడుమంత.”

చట్రం కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. ఒకటి చాలదంది. రెండు పెట్టాం. ఆమె వచ్చి నిలబడి, చేతులు చాచి చూసుకుని, “ఇప్పుడు తిప్పు,” అంది. పదేళ్లుగా నేల మీద కూర్చుని ఏరిన ఆడవాళ్లు రెండు వైపులా నిలబడ్డారు. నాలుగు వందల కాయలు పదకొండు నిమిషాల్లో అయిపోయాయి. తోలుకాయల్ని వాళ్లు తీసేస్తున్న వేగం చూసి నేనే మోటారు ఒక మెట్టు పెంచాను.

పక్కన ఇంకో నాలుగు వందలు చేత్తో ఏరించాడు నారాయణప్ప. రెంటినీ వరిగడ్డిలో పెట్టి, వేరువేరు క్రేట్లకు తానే తాళ్లు కట్టి, ముడుల మీద లక్క పోశాడు. “బుధవారం తెల్లారి తీస్తాం. అంతవరకు నువ్వు గూడా ముట్టగూడదు,” అన్నాడు.

మంగళవారం చేయడానికి పనేమీ లేదు. అదే అన్నిటికంటే కష్టమైన రోజు. పులివెందుల వెడల్పాటి రోడ్ల మీద రెండుసార్లు ఊరంతా నడిచాను. మామ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ, “ఊరికే చేసినాలే,” అన్నాడు. వెనక గ్రైండరు శబ్దం లేదు. మంగళవారం మధ్యాహ్నం వర్క్‌షాపులో ఎవరూ పని చేయడం లేదని అర్థమైంది.

బుధవారం ఏడింటికి లక్క పగలగొట్టారు. ముందు చేతి ఏరుడు క్రేట్లు. రామలక్షుమ్మ ఒక్కో కాయ తిప్పి చూసి పక్కన పెట్టింది. మచ్చపడినవి ఐదు. తర్వాత మావి. మొదటి వందలో ఒకటి. ఓబులేసు షెడ్డు బయటికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. రెండో వందలో సున్న. మూడో వందలో ఒకటి. చివరి వందలో ఎనభై ఏడో కాయ దగ్గర ఆమె ఆగింది, గోటితో గీరింది. అది మట్టి. తొంభై నాలుగోది మాత్రం నిజంగా మచ్చే.

మొత్తం మూడు.

“చేతికంటే రెండు తక్కువ!” అని నేను అరిచేశాను. ఓబులేసు బయటి నుంచి పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి తిప్పాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నారాయణప్ప ఆ మూడు కాయల్ని తీసుకుని మళ్లీ చూసి, “నీయబ్బ, మంచం గెలిచింది గదరా!” అన్నాడు. తర్వాత పక్క రైతుల వైపు తిరిగాడు. “నాకొకటి. మీరూ చెప్పండి.”

అందరూ చెప్పారు. మొత్తం ఏడు. రామలక్షుమ్మ నా దగ్గరికి వచ్చి, “కాళ్లు పొడుగ్గా చేయించు, ఇటుకల మింద పెట్టినారంటే ముట్టము,” అని హెచ్చరించి పనికి పోయింది.

పన్నెండు పదికి ఎర్రగుంట్ల పోయే బస్సు ఎక్కాను. మాది చిలమకూరు, సిమెంటు ఫ్యాక్టరీ ఊరు. ఎర్రగుంట్లలో దిగి ఆటో ఎక్కాలి. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు ఊరు దాటాక మామకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన ఏడు యంత్రాల మాట విని “ఊఁ” అన్నాడు.

“నవారు మాట ఎవరన్నారు ముందు?” అని అడిగాడు.

“ఓబులేసు.”

“సాగదీసేది?”

“హుసేనమ్మ.”

“ఎత్తు?”

“రామలక్షుమ్మ.”

“మిషను పలక మింద ముగ్గురి పేర్లూ రాపిచ్చు. కింద నీది. నాగేంద్ర అని, సన్నగా. లెక్క తప్పినావు గదా.”

“నీ పేరు మామా?”

“నాది షాపు బోర్డు మింద ఉండాది, చాలదా?”

అసలు అడగాల్సింది ఇంకా అడగలేదు. “మామా, శుక్రవారం?”

“ఏమైంది శుక్రవారానికి? ఎల్లుండే గదా. బిన్నా రా, ఆలస్యం చెయ్యాకు. రెండు గంటలు చాలడంల్యా అంటాండారు మనోళ్లు.”

ఈ మూడు ఊళ్లకు ఎవరైనా పని మీద పోతే నేను చెప్పగలిగింది ఇంతే. బస్సులు సమయానికి వస్తాయి, తిండి బాగుంటుంది, లాడ్జిలో నీళ్ల సమయం ముందే అడిగి తెలుసుకోండి. మీ లెక్కలు తప్పక తీసుకుపోండి, కానీ అక్కడ కూర్చున్నవాళ్లకు చూపించి, ఏం తోచిందని అడగండి. నేను గీసిన యంత్రం కంటే తిరిగొచ్చేటప్పటికి ఉన్న యంత్రం మంచిది. దాన్ని మంచిగా చేసినవాళ్లలో ఎవరూ ఇంజనీరింగు చదవలేదు.

రెండు నలభైకి ఎర్రగుంట్లలో దిగుతుంటే మామ నుంచి మెసేజీ వచ్చింది. వర్క్‌షాపు తలుపు మీద కొత్తగా సుద్దతో రాసిన సమయాల ఫోటో. శుక్రవారం ఆర్డరు పని ఆపే గంటలు: మూడు.